చట్టానికి పద్నాలుగు, మనకొకటి

సుక్రు మెడలోని గుర్తింపు కార్డు తాడును వాచ్‌మన్ కత్తెరతో కత్తిరించాడు. కార్డు దుమ్ములో పడింది. సుక్రు వంగి తీసుకోబోతే మేనేజరు దేవీప్రసాద్ దానిమీద బూటుకాలు పెట్టాడు.

గేటు ముందు తొంభైమంది కూలీలు చూశారు. ఎవరూ నోరెత్తలేదు. సుక్రు చెల్లెలు సోములమ్మ కూడా ఎత్తలేదు.

అరకు దాటాక కొండ మలుపులో ఉంది ఆ కాఫీ యూనిట్. కోసిన ఎర్రపండు తొక్క వలిచి, కడిగి, గింజ ఎండబెట్టే చోటు. సుక్రు పదకొండేళ్లుగా అక్కడ తొట్టెలు కడుగుతున్నాడు. ఊళ్లో మాత్రం అతను దిసారి. నక్షత్రం చూసి ఏ పండగ ఏ రోజో చెప్పేవాడు. ముందురోజు కందికొత్త పండగ. కొత్త కంది దేవతకు పెట్టాకే మనిషి తినాలి, ఆ రోజు పనిముట్టు ముట్టకూడదు. అందుకే కొండవాళ్లు డెబ్బైమంది పనికి రాలేదు. ఏ ఏడూ రారు. ఈ ఏడు అది నేరమైంది.

“చెప్పకుండా మానేస్తారా?” అన్నాడు దేవీప్రసాద్.

“సెప్పినాం బాబూ. తాడంపినాం కదా.”

నిజమే. పండగకు పిలవాలంటే ఆ ఊళ్లో నారతాడుకు ముళ్లు వేసి పంపుతారు. రోజుకొకటి విప్పుకోవాలి. ఆఖరి ముడి విప్పిన రోజే పండగ. ఎనిమిది ముళ్ల తాడు సుక్రు స్వయంగా తీసుకెళ్లి మేనేజరు చేతికిచ్చాడు. ఆయన దిష్టితాడనుకుని కారు అద్దానికి కట్టుకున్నాడు. ఇప్పటికీ అది ఎనిమిది ముళ్లతోనే వేలాడుతోంది.

దేవీప్రసాద్ కారు వైపు చూసి పకపకా నవ్వాడు. తర్వాత రెండు ఇంగ్లీషు కాగితాలు గేటుకు అంటించాడు. కొత్త కార్మిక చట్టాల గురించి యజమానులు తెలుసుకోవలసిన సంగతులంటూ హైదరాబాదు లాయర్ల సంస్థ ఒకటి కంపెనీకి నెలనెలా పంపే వార్తలవి.

“చదువుకోండి. సగం మంది కూడబలుక్కుని ఒకేరోజు సెలవు పెడితే అది సమ్మె. నోటీసు లేని సమ్మె చట్టవిరుద్ధం. సుక్రుకీ, ఇంకో ఎనిమిది మందికీ ఇక పని లేదు. పొండి.”

సాయంత్రం కళ్లంలో అందరూ కూడారు. సోములమ్మ కూతురు నిర్మల అరకులో డిగ్రీ చదువుతోంది. గేటు కాగితాలు ఫోనులో ఫొటో తీసుకొచ్చి ఒక్కో ముక్కా తెలుగులో చెప్పింది.

“ఏటి రాసినారే ఆ లాయర్లు?” అంది సోములమ్మ.

“మనల్నెలా తీసెయ్యాలో రాసినారు. కానీ ఈ ముక్క ఇనండి. పద్నాలుగు రోజులు ముందుగా నోటీసిస్తే సమ్మె సెయ్యొచ్చంట. అదీ ఆళ్లే రాసినారు.”

పాచిపెంట నుంచి వచ్చి స్థిరపడిన నూకరత్నం చప్పట్లు చరిచింది. “అయితే ఆ లాయరు బాబులకి కోడిని కొయ్యాల! దొర సొంత డబ్బులెట్టి మనకి పాఠం సెప్పించినాడు.”

నవ్వులు సద్దుమణిగాక యూనియన్ కార్యదర్శి భీమన్న గొంతు సవరించుకున్నాడు. “కింద ఇంకోటుంది. లేబరు ఆఫీసరు రాజీకి పిలిస్తే, ఆ మాటలు నడిసినన్నాళ్లూ సమ్మె సెయ్యకూడదు.”

“అంటే తలుపు మనకి తీసి, గొళ్లెం ఆళ్ల సేతిలో ఎట్టుకున్నారు,” అంది సోములమ్మ.

ఒక ముసలాయన గొణిగాడు. “ఎందుకొచ్చిన గొడవ. కాళ్లట్టుకుందాం.”

“ఏ కాలట్టుకుంటావు మావా? మా అన్న కార్డు తొక్కిన కాలా?”

ముసలాయన తల దించుకున్నాడు. దేవుడి రోజును నేరం చేసిన చట్టం మనుషులు రాసిందే కదా, మనుషులు దాన్ని అడగకూడదా అని సోములమ్మ లోలోపల అనుకుంది. ఆ ప్రశ్న దేవతనే అడిగింది.  పక్కనే సుక్రు నార పేనడం మొదలుపెట్టాడు.

“ముళ్లు పద్నాలుగేనా?” అంది నూకరత్నం.

“పదిహేను,” అన్నాడు సుక్రు. “సట్టానికి పద్నాలుగు, మనకొకటి.”

మర్నాడు భీమన్న మేనేజరుకు సమ్మె నోటీసు ఇచ్చి కాపీ మీద ముద్ర వేయించుకున్నాడు. మరో కాపీ లేబరు ఆఫీసుకు రిజిస్టరు పోస్టులో వెళ్లింది. సోములమ్మ తాడు మేనేజరు బల్ల మీద పెట్టింది. “దిష్టితాడు కాదు బాబూ. రోజుకోటి ఇప్పుకోండి.”

ఆయన దాన్ని చెత్తబుట్టలో వేశాడు.

“దొరకి ముళ్లంటే గుచ్చుకునేవే తెలుసు,” అంది నూకరత్నం. “ఇయ్యీ గుచ్చుకుంటాయిలే.”

అలాంటిదే ఇంకో తాడు సోములమ్మ దగ్గర ఉంది. రోజూ తెల్లారి ఊరి దేవత నిసాని రాయి దగ్గర దీపం పెట్టి, ఒక ముడి విప్పి పనికి వెళ్లేది. ముడి విప్పినప్పుడల్లా దుమ్ములో ఆ బూటు కనిపించేది.

పద్నాలుగో ముడి విప్పిన రోజు లేబరు ఆఫీసరు రాజీకి పిలిచాడు. కంపెనీ లాయరు ఫోనులోనే వాయిదా అడిగాడు. వచ్చే నెలకు ఇచ్చారు.

“వచ్చే నెలకి కోత అయిపోద్ది,” అన్నాడు భీమన్న. “అప్పుడు మన సమ్మెకి కాకి కూడా బెదరదు.”

“మాటలు నడుస్తున్నాయి,” అని దేవీప్రసాద్ నవ్వాడు. “రేపు పండు దిగుతుంది. బుద్ధిగా పనిలోకి రండి.”

మర్నాడు లారీలు దిగాయి. యార్డు నిండా ఎర్రటి పండు. కోసిన రోజే తొక్క వలవకపోతే పులిసిపోయే పండు. తొంభైమందీ గేటు బయటే నిలబడ్డారు. సుక్రు అందరి ముందూ చివరి ముడి విప్పాడు.

దారిలో రాలిన ఒక పండును సోములమ్మ కళ్లకద్దుకుంది. “తల్లీ, నువ్వు పండించినావు, నేను కుళ్లబెడతన్నాను. తప్పయితే నన్నే అడుగు.” అని గేటుకు అడ్డంగా కూర్చుంది.

మధ్యాహ్నానికి పులుపు వాసన లేచింది. రెండో రోజుకు ఈగలు ముసిరాయి. నల్లటి రసం గేటు కింద నుంచి రోడ్డు మీదకు పారింది. దేవీప్రసాద్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని తిరుగుతుంటే, సోములమ్మ ఆ వాసనను గుండెల నిండా పీల్చింది. పండగ నాటి సాంబ్రాణి కూడా ఆమెకు అంత హాయినివ్వలేదు.

సాయంత్రం ఆయనే గేటు దగ్గరకు వచ్చాడు. “ఎనిమిది మందినీ తీసుకుంటాను. సుక్రు ఒక్కడు వద్దు.”

సుక్రు లేచాడు. “ఎనిమిది ఇళ్లల్లో పొయ్యి ఎలుగుతాది. నన్నొదిలేయండి...”

“నువ్వు నోరు మూసుకోన్నా!” సోములమ్మ అరిచింది. “ఆరోజు నేను మూసుకున్నాను. ఆ ఒక్కసారి సాలు.” మేనేజరు వైపు తిరిగింది. “తొమ్మిది మందీ లోపలికెళ్లాల. మా అన్న కార్డు నువ్వే తుడిసి మెడలో ఎయ్యాల. పండగ రోజు సెలవని కాయితం మీద రాయాల. లేకపోతే రేపటి పండూ ఇలాగే.”

తొంభై గొంతులు ఆ మాట అందుకున్నాయి.

మూడో రోజు పోలీసు వ్యాను వచ్చింది. “రాజీ నడుస్తుండగా సమ్మె చట్టవిరుద్ధం. నాయకులెవరు?” అన్నాడు ఎస్సై.

“సట్టం ముళ్లు పద్నాలుగూ ఇప్పేసినాం బాబూ,” అంది సోములమ్మ. “ఇది మాది.”

ఆమెనూ సుక్రునూ భీమన్ననూ వ్యాను ఎక్కించారు. జనం వ్యాను చుట్టూ మూగారు. సీటు మీద పాత గోనె పరిచి ఉంది. సోములమ్మ దాని అంచు నుంచి ఒక పోగు లాగింది. రెండు వేళ్లతో మెలేసి, ముడి బిగించి, కిటికీ ఊచల్లోంచి కూతురి చేతిలో పెట్టింది.

“బేగి ఎల్లు. కొండ మీద కాఫీ యూనిట్లన్నిటికీ సూపించు.”

అది చూసిన దేవీప్రసాద్ రుమాలు జారిపోవడం కూడా గమనించకుండా గేటు దాటి పరుగెత్తుకొచ్చాడు. కారులో తాడు వేలాడదీసుకుని నవ్విన మనిషి, ఇప్పుడు ఆ పిల్ల చేతిలోని గోనెపోగు వంక భయంగా చూస్తున్నాడు.

“ఎన్ని?” అన్నాడు. “ఎన్ని ముళ్లు?”

నిర్మల తాడు పైకెత్తింది.

ఒక్కటే.