దొరసాని మెడ కింద

నేను మేకల కొట్టం ఊడుస్తున్నాను. అమ్మ తొట్టిలో మేత వేస్తోంది. మేకలన్నీ ఎగబడ్డాయి, బక్కది తప్ప. అది మాస్టారు శిక్ష వేసిన పిల్లలా గోడ వైపు తిరిగి నిలబడింది.

పోయిన వారం దాకా ఆ తొట్టి దగ్గర దొరసానిదే రాజ్యం. పొడుగు కొమ్ములు, ఎవరినీ లెక్కచేయని చూపు. దగ్గరకొచ్చిన ప్రతి మేకనూ కుమ్మేది. బక్కది చిక్కిపోవడానికి అదే కారణమని నాన్న తేల్చేశాడు. "పసిపిల్లనుకో, బామ్మర్దీ" అంటూ దొరసానిని మా మేనమామకు అంటగట్టాడు.

ఆ తర్వాత బక్కది మేత సరిగ్గా ముట్టలేదు.

నేను రోజూ చూసేదాన్ని. దొరసాని బక్కదాన్ని కూడా ఒకసారి కుమ్మేది, మర్యాదకు. ఆ తర్వాత అది తన మెడ కింద దూరి తింటుంటే ఊరుకునేది. ఇంకో మేక అటు వస్తే మాత్రం కొమ్ములు దించేది. నాన్న కొట్టంలోకి రాగానే ఈ మాటే చెప్పాను.

"మేకలకు స్నేహాలేమిటే, నీ మొహం!" అన్నాడు. "తినని మేకను ఎన్నాళ్లని ఉంచుకుంటాం? రేపు కసాయిని రమ్మన్నాను."

అమ్మ గంప కింద పెట్టింది. "మా తమ్ముణ్ణి అడగండి. దొరసానిని తిరిగి ఇచ్చేస్తాడు."

"నేనా? 'నీ పసిపిల్ల మా తలుపు విరగ్గొట్టింది బావా' అని నిన్ననే ఫోన్ చేసి ఇకిలించాడు. ఇప్పుడు పోయి అడిగితే చచ్చేదాకా చెప్పుకుంటాడు."

"అయితే కసాయికే ఇవ్వండి. దాని ప్రాణం కంటే మీ మీసం గొప్పది కదా!"

నాన్నకు మీసం లేదు. అయినా తడుముకున్నాడు.

తర్వాత తొట్టి దగ్గరకెళ్లి, మిగతా మేకలను మోకాళ్లతో నెట్టి, దొరసానిలా తల వంచి నిలబడ్డాడు. బక్కదాన్ని రమ్మని నాలుక చప్పరించాడు. ఏదో మేక వెనక నుంచి కుమ్మింది. బక్కది అంతా చూసింది. తినడానికి మాత్రం రాలేదు. ఖాళీ గంపలో లేని ఆకులు ఏరుకుంటూ, నవ్వు కనపడకుండా అమ్మ తల దించుకుంది.

భోజనాల దగ్గర నాన్న సగంలోనే లేచి చేయి కడుక్కున్నాడు. కొట్టంలోకి పోయి, బక్కదాన్ని భుజాల మీద వేసుకుని గుమ్మం ముందుకొచ్చాడు.

"దొరసానిని అడగలేక దీన్నే ఊరికే ఇచ్చేసి వస్తారా ఏమిటి?" అంది అమ్మ.

నాన్న చెప్పులు తొడుక్కుని, మామయ్య వాళ్ల వీధి వైపు వెళ్లిపోయాడు.