ఎవరి ఒంటికి ఎవరి తీర్పు

బేకరీలో పిండి కలిపే ఆమెకు రొమ్ము క్యాన్సర్ అని తేలగానే ఇంట్లో వాళ్లందరికీ ఇంకో జబ్బు పట్టుకుంది. అది ఆ మాట నోట రాకుండా మాట్లాడే జబ్బు. అత్తగారు "అక్కడ గడ్డ" అనేది. భర్త "ఆ ఆపరేషన్" అనేవాడు. ఇరుగుపొరుగుకైతే గ్యాస్ ట్రబుల్ అని చెప్పేశారు. చూడవచ్చిన వాళ్లు కారం తగ్గించమని సలహా ఇచ్చి వెళ్లేవారు.

భర్త చెడ్డవాడు కాదు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్. నిద్ర లేక కళ్లు పీక్కుపోయాయి పాపం. కానీ మన ఇళ్లలో ప్రేమ కూడా ఒక్కోసారి ఆడదాని నోరు నొక్కుతుంది.

ఆసుపత్రిలో సర్జనమ్మ నెమ్మదిగా మొదలుపెట్టింది. "రొమ్ము తీసేయక తప్పదు. తీశాక మళ్లీ ఆ ఆకారం కల్పించే పద్ధతులున్నాయి..."

"అవేం వద్దండీ," భర్త అడ్డుపడ్డాడు. "ప్రాణం దక్కితే చాలు."

వెంట వచ్చిన ఆడపడుచు వంత పాడింది. "అవును, ఈ వయసులో ఎవరికి చూపించాలని!"

పిండి కలిపే ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"వదినా, అద్దంలో చూసుకునేది నేను. డాక్టరుగారూ, నాకు చెప్పండి. ఏదీ దాచకుండా చెప్పండి."

సర్జనమ్మ కుర్చీ ఆమె వైపు తిప్పుకుంది. చర్మం కింద ఇంప్లాంటు అనే మెత్తటి సంచి పెట్టవచ్చు. దానికి ముందుగా చర్మాన్ని కొద్దికొద్దిగా సాగదీయాల్సి రావచ్చు, కొన్నేళ్లకు మార్చాల్సీ రావచ్చు. లేదా పొట్ట దగ్గరి కొవ్వు, చర్మం తెచ్చి రొమ్ముగా మలచవచ్చు. అది పెద్ద ఆపరేషన్, కోలుకోవడానికి టైం పడుతుంది. వీపు కండరంతోనూ చేస్తారు.

"నా బతుకంతా భుజాల మీదే. బరువు ట్రేలు ఎత్తాలి," అందామె.

"అయితే వీపు జోలికి పోకపోవడమే మేలేమో. భుజం బలం కాస్త తగ్గవచ్చు. పొట్టతో చేస్తే కొన్నాళ్లు బరువులెత్తకూడదు. మీకు రేడియేషన్ కూడా అవసరమయ్యేలా ఉంది, కాబట్టి అది అయ్యాకే చేద్దాం. అసలు చేయించుకోకపోవడం కూడా ఒక దారేనమ్మా. అందులో తక్కువతనమేమీ లేదు."

బయటికొచ్చాక భర్త అన్నాడు. "ఇంకో కోత అంటేనే నాకు భయమేసిందే."

"నీ భయం నాకు చెప్పు, వింటాను," అందామె. "నా నిర్ణయం మాత్రం నువ్వు చెప్పకు."

రొమ్ము తీసేశారు. పక్క మంచం మీద ఒక బస్సు కండక్టరు ఉండేది. ఆమెకూ అదే ఆపరేషన్. "నాకిక కోతలొద్దు తల్లీ. బ్రాలో పెట్టుకునే మెత్తటిది చాలు. అదీ నాకు బుద్ధి పుట్టిన రోజునే," అంది. ఇద్దరూ పకపకా నవ్వారు. నవ్వుకు కుట్లు లాగేసరికి ఇద్దరూ "అమ్మో" అన్నారు.

రేడియేషన్ నీరసం ఆమెను పీల్చి పిప్పి చేసింది. అయినా పట్టు వదల్లేదు. ఒళ్లు తేరుకున్నాక తన కాళ్ల మీద తానే నడిచి సర్జనమ్మ దగ్గరికి వెళ్లింది. పొట్టతోనే చేయించుకుంది. ఈసారి భర్త మందుల షాపులో నలుగురి మధ్య నిలబడి, "రొమ్ము ఆపరేషనైన వాళ్లు వేసుకునే బ్రా ఇవ్వండి," అని అడిగాడు. తలలు తిరిగాయి. అతను తల దించలేదు.

ఇంటికొచ్చాక ఆడపడుచు పక్కన చేరి గుసగుసగా అడిగింది. "మునుపటిలాగే ఉందా?"

"లేదు వదినా. తాకితే సరిగా తెలియదు. మచ్చలున్నాయి. పొట్ట ఇంకా లాగుతోంది."

"మరి ఇంత బాధ ఎందుకు పడ్డట్టు?"

అత్తగారు కూడా చెవి ఒగ్గింది. కోడలు మాత్రం గొంతు తగ్గించలేదు.

"నాకు కావాలనిపించింది కాబట్టి. ఆ కండక్టరమ్మ వద్దనుకుంది, ఆమె నిర్ణయమూ సరైనదే. రొమ్ము తీయాలన్నది జబ్బు చేసిన తీర్పు వదినా. ఆ తరవాతి తీర్పు చెప్పాల్సింది మొగుడూ కాదు, అత్తా కాదు, ఊరూ కాదు. ఆ ఒంట్లో బతకాల్సిన ఆడది!"