పేరు పిలిచిన మైకు

నేను ఒక చేతిమైకును. గరాటు మూతి, కడుపులో బ్యాటరీలు ఉన్నాయి గానీ సొంత మాట ఒక్కటీ లేదు. ఎవరి నోరు ఆనితే వాళ్ళ మాటే నా మాట. మొదట ఉల్లిపాయల బండి మీద అరిచాను. తర్వాత ఒక ఎన్నికల కార్యకర్త నా చేత ఇంటింటికీ కొళాయి హామీ ఇప్పించాడు. కొళాయిలు రాలేదు గానీ నా గొంతు బొంగురుపోయింది.

అప్పటికే అలసిపోయిన నన్ను విశాఖలో ఒక స్వచ్ఛంద సంస్థ కొన్నది. చెత్తదిబ్బ పక్క కాలనీలో వాళ్ళు హెపటైటిస్ సి పరీక్షలు చేసేవారు. చెత్త ఏరేవాళ్ళకు ఆసుపత్రి సూదులు గుచ్చుకుంటాయి. అలా రక్తంలో చేరిన రోగం చడీచప్పుడు లేకుండా ఏళ్ళ తరబడి కాలేయాన్ని తినేస్తుంది. వేలి నుంచి తీసిన రక్తపు చుక్కలో అనుమానం తేలితే, రోగం ఇంకా ఉందో లేదో చూడటానికి రెండోసారి రక్తం తీయాలి. ఉంటే కొన్ని నెలలు మాత్రలు మింగితే నయమవుతుంది.

సంస్థలో పనిచేసే నూకరత్నం మంచిదే, తొందర మనిషి. చెత్త ఏరే ఒకామెకు అలా అనుమానం తేలితే, రేషను సరుకులకు పిలిచినట్టు, నడివీధిలో నన్ను నోటికి పెట్టుకుని, "అప్పలనర్సమ్మా, రెండో పరీచ్చకి రా!" అని కేకేసింది. వీధి మొత్తానికి సంగతి అర్థమైపోయింది.

ఆ తర్వాత నన్ను చంకన పెట్టుకుని నూకరత్నం ఇంటికి వెళితే అప్పలనర్స తలుపు తీయలేదు.

"మైకులో పిలిసి నా పరువు తీసీసినావు. ట్యాంకరు కాడ నా బింది పక్కన ఎవులూ బింది పెట్టట్లేదు. సచ్చినా రాను, పో!"

నోరు నూకరత్నానిది, సిగ్గు మాత్రం నాకే వేసింది. ఈ మనుషులతో వేగలేననిపించింది.

తర్వాతి శిబిరానికి నూకరత్నం మళ్ళీ నన్నెత్తింది. ఈసారి వీధి ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒక్క పేరూ పిలవకుండా వదల్లేదు. ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, అవసరమైనవాళ్ళకు రక్తం తీసి, మిగతావాళ్ళకు బీపీ చూసి పంపారు. ఎవరు దేనికి వెళ్ళారో బయట తెలియలేదు. చివర్లో అప్పలనర్స ముసుగేసుకుని వచ్చింది.

"అందరితోటీ అయితే రగతం ఇస్తాను" అంది.

రోగం ఉందని తేలింది. మాత్రలు మొదలుపెట్టారు.

నా గొంతుకే మందు లేదు. అది పూర్తిగా పోయాక నన్ను ఆ దిబ్బ మీదే పారేశారు. ఎండలో పడి ఉంటే, ఒక ఉదయం రబ్బరు తొడుగు వేసుకున్న చేయి నన్ను పైకి తీసింది. అప్పలనర్స! అటూ ఇటూ తిప్పి చూసి, గుర్తుపట్టకుండానే సంచిలో వేసింది. అవతలి గుట్ట మీది ఆడవాళ్ళు ఒంట్లో ఎలా ఉందని అడిగారు.

"రోగం పోనాదే! మీరూ ఎల్లి సూపించుకోండర్రా!" అని అరిచింది.

ఆ కేక నా సాయం లేకుండానే దిబ్బ చివరిదాకా వినిపించింది.