వరసలో ఆఖరెవరు

బల్గేరియాలోని రూసె ఊళ్లో డాక్టర్ మిహోవా క్లినిక్‌కి ఎవరొచ్చినా ముందు "ఆఖరెవరండీ?" అని అడుగుతారు. కిటికీ వెనక నుంచి త్సోంకా వరసలో చివరి మనిషిని వేలితో చూపిస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఇదే ఉద్యోగం. ఇప్పుడా కుర్చీకి ఎసరు పెట్టినవాడు డాక్టరమ్మ అల్లుడు స్విలెన్. ఇకమీదట రోగులు ఫోన్‌లోనే నంబరు తీసుకుంటారట. సోమవారం అది సవ్యంగా నడిస్తే కిటికీ మూసేస్తామని డాక్టరమ్మ మర్యాదగానే చెప్పింది.

దానికి కావలసిన వెబ్ సర్వర్లు, అంటే ఫోన్లు అడిగినదానికి జవాబిచ్చే ప్రోగ్రాములు, లోకంలో ఉచితంగా బోలెడు దొరుకుతాయి. ఎవరో చేసింది వాడటం స్విలెన్‌కి నామోషీ. రస్ట్ అనే కొత్త కంప్యూటర్ భాషలో తొంభై లైన్లలో సొంత సర్వర్ రాశాడు. ఇంట్లో తన ఫోన్ నుంచి తనే అడిగి, తన సర్వర్ చేత తనకే జవాబు చెప్పించుకుని మురిసిపోయాడు.

"దీనికి అలుపుండదు పిన్నిగారూ. కాఫీ తాగదు, రోగుల మీద కసురుకోదు," అన్నాడు.

"మంచిది నాయనా. రోగులు మాత్రం పాతవాళ్లే," అంది త్సోంకా.

సోమవారం ఎనిమిదింటికి వరండాలో ముప్ఫైమంది ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. ఆ గోడల మధ్య సిగ్నల్ అంతంతమాత్రం. నలుగురికి నంబర్లు వచ్చాయి. ఐదో మనిషి మెతోడి తాత పేజీ తెరుస్తుండగానే సిగ్నల్ పోయింది. అంతే, మిగతా అందరి తెరల మీదా చక్రం తిరుగుతూ ఉండిపోయింది. ఎవరూ అడక్కపోయినా, "రస్ట్‌లో తప్పులు దొర్లవు" అని స్విలెన్ రెండుసార్లు చెప్పాడు. సర్వర్ ఆపి మళ్లీ మొదలెట్టాడు. ఇద్దరికి వచ్చాయి, మళ్లీ చక్రం.

"అదిప్పుడేం చేస్తోంది?" అడిగింది త్సోంకా.

"ఓ ఫోన్ పలకరించింది పిన్నిగారూ. ఏం కావాలో చెబుతుందని చూస్తోంది."

"చెప్పకపోతే?"

స్విలెన్ తిరుగుతున్న చక్రం వైపు వేలు చూపించాడు.

త్సోంకాకు విషయం అర్థమైపోయింది. కిటికీ దగ్గరికొచ్చాక తీరిగ్గా సంచీలో కాగితాలు వెతుక్కునేవాళ్లు ఆమెకు కొత్త కాదు. నోరు మూసుకుంటే కుర్చీ దక్కుతుంది. మూసుకుందామనే అనుకుంది కూడా. కానీ వరస కదలకుండా నిలబడి ఉంటే చూస్తూ ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు. ఒళ్లు మండిపోయింది.

"పలకనివాడి కోసం అందరూ కాచుకోవాలా? అర నిమిషం చూడు. పలక్కపోతే పక్కకి జరిపి తర్వాతవాణ్ణి పిలువు. ఒక్క కిటికీ చాలకపోతే నాలుగు తెరువు. నీ చదువులో ఇది చెప్పలేదా బాబూ?"

మధ్యాహ్నానికల్లా స్విలెన్ అవన్నీ రాసేశాడు. సర్వర్ పరుగెత్తింది. డాక్టరమ్మ అల్లుడి తెలివికి పొంగిపోయి అందరికీ జున్ను పెట్టిన బానిత్స రొట్టె పంచింది. త్సోంకాకు పెద్ద ముక్కే ఇచ్చింది.

కిటికీ మూసేసిన నెల తర్వాత త్సోంకా మోకాలు చూపించుకోవడానికి అదే వరండాకు వచ్చింది. గుమ్మంలో నిలబడి, "ఆఖరెవరండీ?" అంది.

ఎవరూ తలెత్తలేదు. మెతోడి తాత మాత్రం, "ఫోన్‌ని అడగవమ్మా, నన్నెందుకు?" అన్నాడు.

అడిగింది. క్షణంలో నంబరు వచ్చింది, ఎక్కడా ఆగలేదు. బాగానే నేర్పాను అనుకుంది త్సోంకా. అనుకోగానే ఏడుపొచ్చింది.