తాతబాబు ఫియట్ వెనక సీటు

నా కోపం గురించి సింధియా జంక్షన్‌లో ఎవర్నడిగినా చెబుతారు. నలభై ఏళ్లుగా అక్కడే నా మెకానిక్ షెడ్డు. నన్ను తిట్టినా ఊరుకుంటాను గానీ నా పనిని తక్కువ చేస్తే ఊరుకోలేను. ఆ గుణమే తాతబాబు కొంప ముంచింది.

తాతబాబుది కొండ అవతల యారాడ. సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. ముప్పై ఏళ్ల కిందట పోర్టులో ఒక ఆఫీసరు అమ్మేస్తుంటే డెబ్బై నాలుగు మోడల్ ఫియట్ కొన్నాడు. కొన్న మర్నాడే నా దగ్గరికి తెచ్చాడు. మా కులాలు వేరు, ఊళ్లు వేరు. అయినా ఆ బండి పుణ్యమా అని బావా అంటే బావా అనుకునేంత దగ్గరయ్యాం.

ఇరవై నాలుగేళ్ల కిందట వాడి భార్య గంగాలమ్మకి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. వెనక సీట్లో పడుకోబెట్టి ఘాట్ రోడ్డెక్కాడు. కొండ దిగేలోపే ఆమె పోయింది, కడుపులో బిడ్డతో సహా. వాడు మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఆ సీటు మీద మరెవర్నీ కూర్చోనివ్వలేదు. వలలు డిక్కీలో, ఐసు పెట్టెలు టాపు మీద. సాయంత్రం పని అయ్యాక వెనక తలుపు తీసుకుని, ఆ సీటు మీద చెయ్యి ఆనించి, కాసేపు ఒక్కడే కూర్చునేవాడు. ఊళ్లో మొదట నవ్వారు. తర్వాత అలవాటు పడిపోయారు.

ఎవరికీ తెలియనిది ఒకటుంది. ఆమె పోయిన మూడో రోజున బండి కడగమని నా దగ్గరికి పంపాడు. సీటంతా నెత్తురు. స్పాంజిలోకి దిగిపోయింది, ఎంత కడిగినా పోలేదు. వాడు దాన్ని చూస్తే బతకడనిపించింది. మరో ఫియట్ సీటు తెచ్చి, అదే రంగు రెక్సిన్ వేయించి, పాతది షెడ్డు వెనక తగలబెట్టేశాను. తర్వాత మెల్లగా చెబుదామనుకున్నాను. వాడు అందులో కూర్చోవడం మొదలెట్టాక ఇక ఏ మొహం పెట్టుకుని చెప్పను?

మొన్న ఎండాకాలంలో బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాలేదు. ఆర్టీవో ఆఫీసులో తుక్కుకి పంపమన్నారు. కాపాడే దారి ఒక్కటే మిగిలింది, క్లాసిక్ బండి అని రిజిస్టర్ చేయించడం. యాభై ఏళ్లు దాటాలన్నారు, దాటింది. బాడీ, ఇంజను కంపెనీ నుంచి వచ్చినప్పటివే అయి ఉండాలన్నారు. అంటే వయసొక్కటే చాలదు, ఎవరి చెయ్యీ పడకుండా వయసు రావాలి. దుప్పటి కప్పి షెడ్డులో దాచుకున్న పెద్దింటి బండికైతే సరే. ఉప్పుగాలి తింటూ బతుకంతా కొండెక్కి దిగిన బండికి అదెలా కుదురుతుంది? నాకు ఒళ్లు మండింది. తాతబాబు మాత్రం నా చెయ్యి పట్టుకున్నాడు.

“రోడ్డెక్కకపోయినా పర్నేదు బావా. ఇంటి ముందుంటే సాలు నాకు.”

రేకులూ తలుపులూ నేను మార్చిన సంగతి వాడికి తెలుసు. అడగనిది చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

బండి చూసి సర్టిఫికెట్ రాయడానికి మధురవాడ నుంచి దేవీప్రసాద్ అనే ఇంజనీరు నా షెడ్డుకే వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయేమో, మర్యాదస్తుడు. అరగంట బండి చుట్టూ తిరిగాడు. టార్చి వేసుకుని కిందకి దూరి చూశాడు. ఇంజను, ఛాసిస్ నంబర్లు కాగితాలతో సరిపోయాయి. నా అతుకుల్లో ఒక్కటీ పట్టుకోలేకపోయాడు. నేను లోలోపల మీసం మెలేశాను. తాతబాబు గోడకి ఆనుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

అతను సంతకం పెట్టబోతూ నవ్వాడు. అదృష్టమున్న బండి అన్నాడు. సముద్రం పక్కనే ఉండి కూడా చెక్కు చెదరలేదని, ఏ మెకానిక్కూ చెయ్యి పెట్టి పాడుచెయ్యలేదని మెచ్చుకున్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“అదృష్టమేటి బాబూ? ఆ ఫ్లోరు స్టీల్‌ప్లాంటు రేకు తెచ్చి నాను ఏసింది. నాలుగు డోర్లూ నాలుగు బళ్లవి. బోనెట్టు మల్కాపురం తుక్కు కొట్లోది. ఆ ఎనక సీటు కూడా కంపినీది కాదు, నాను కట్టించిందే. అతుకు కనబడతందా మీకు?”

అతని కలం ఆగిపోయింది. అప్పుడు గానీ నా నోరు ఆగలేదు.

దేవీప్రసాద్ బాధపడ్డాడు. తెలిశాక మార్చిన సంగతి రాయకుండా ఉండలేనన్నాడు. పని గొప్పగా ఉందని రెండుసార్లు చెప్పి, ఫైలు మూసుకుని వెళ్లిపోయాడు. తాతబాబు అతని వైపు చూడనేలేదు.

“సీటు ఎప్పుడు మార్సావు బావా?”

ఈమధ్యనే అని అబద్ధం చెప్పొచ్చు. నాకు నోరు రాలేదు. మూడో రోజునే మార్చానన్నాను. పాతది ఏం చేశానో కూడా చెప్పాను. నువ్వు చూసి తట్టుకోలేవనుకున్నానురా అన్నాను.

వాడు వెళ్లి వెనక తలుపు తీసి, సీటు మీద చెయ్యి వేశాడు. వెంటనే తీసేశాడు.

“మరి ఇన్నేళ్లూ నాను కూకున్నది దేని మీద?”

 

బండి నా షెడ్డులోనే వదిలేసి పోయాడు. నంబరు లేకపోయినా ఇంటి ముందు పెట్టుకోవచ్చని, ఎవరూ అడగరని కబురు మీద కబురు పంపాను.  వారం తిరక్కుండా తుక్కు లారీ వచ్చింది. పిలిచింది వాడే. వెంట తనూ వచ్చాడు. బండిని గొలుసులతో పైకి లాగుతుంటే డోరొకటి ఊడి వేలాడింది. నేను గబగబా వెళ్లి దాన్ని పట్టుకున్నాను. వాడు మాత్రం రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. లారీవాడు కాగితం చేతికిచ్చి ఓనరు సంతకం పెట్టమన్నాడు. తాతబాబు జేబులు తడుముకుని నా వైపు తిరిగాడు.

“మేస్త్రీ గారూ, పెన్నుందేటండి?”

ముప్పై ఏళ్లలో వాడు నన్ను గారూ అనడం అదే మొదటిసారి. పెన్ను తీసి ఇచ్చాను. సంతకం పెట్టి, రెండు చేతులతో తిరిగి ఇచ్చి, కొండదారి పట్టి నడిచి వెళ్లిపోయాడు.