మందు పోసిన చేపలు

ఆ ఆదివారం తిరువూరు సంతలో శౌరయ్య గంప నిండా బొచ్చె చేపలే. ఒక్కొక్కటీ చంటిపిల్లంత ఉన్నాయి. శౌరయ్య హుషారుగా కేకలేస్తున్నాడు గానీ, పక్కన కత్తిపీట ముందు కూర్చుని పొలుసు గీకుతున్న అతని పెళ్ళాం జోజమ్మ మాత్రం మాటిమాటికీ తలెత్తి దారి వైపు చూస్తోంది. ఆ చేపలు ఆదిశేషయ్య వేలంపాటలో తీసుకున్న చెరువులోవి. ఆ చెరువుకు కాపలా జోజమ్మ తమ్ముడు సుందరరాజే. రాత్రి బావ పోసిన సారాకు వాడు ఒళ్ళు తెలియకుండా పడిపోతే, శౌరయ్య తాపీగా వల లాగాడు. పోయినేడు అదే చెరువులో గాలం వేసినవాడికి ఆదిశేషయ్య మోచెయ్యి విరగ్గొట్టించాడు. ఇక కాపలావాడే తాగి పడుకున్నాడని తెలిస్తే సుందరరాజును బతకనివ్వడు.

"తొందరగా అమ్మెయ్యి. ఊరికే వాగమాక," అంది మొగుడితో.

హైస్కూలు మేష్టారి భార్య సామ్రాజ్యం వచ్చింది. ఆవిడకు ఏదీ ఓ పట్టాన నచ్చదు. చేప మొప్ప ఎత్తి చూసింది, కన్ను నొక్కింది, వేలు వాసన చూసుకుంది.

"తాజాదే. ఇంత చేప ఏ వలకి పడిందయ్యా?"

"వలదేముందండీ అమ్మగారూ. కాస్త మందు పోశాను, చెరువంతా నాదే అయింది," అన్నాడు శౌరయ్య. తన చమత్కారానికి తానే మురిసిపోయి పెళ్ళాం వైపు చూసి కన్ను గీటాడు.

ఆ మాట ఎదురుగా సొరకాయలు అమ్ముతున్న బసవపున్నయ్య చెవిన పడింది. కిందటి పత్తి పంటప్పుడు అతని కూతురు చేపల కూర తిని, నోట నురగలు కక్కుకుంటూ పోయింది. ఎవరో ఎండ్రిన్ పురుగుమందు వాగులో పోసి పట్టిన చేపలవి. ఆ పోసిందెవరో ఇప్పటికీ తేలలేదు.

"ఏం పోశానన్నావురా?" అంటూ అతను లేచి వచ్చాడు. చేతిలో తక్కెడలో వేసే ఇనపరాయి అలాగే ఉంది.

"సరదాకి అన్నానన్నా..."

ఇనపరాయి దవడ మీద పడింది. శౌరయ్య గంప మీదికి బోర్లాపడ్డాడు. అతని నోట్లోంచి ఊడిన పళ్ళు చేపల మధ్య పడ్డాయి.

"చెరువులో మందు పోశాడంట," అన్నారెవరో. అంతే, మనుషులు మూగారు. "మా పిల్లలు తినే తిండిరా అది," అంటూ ఒకడు డొక్కలో తన్నాడు. ఇంకొకడు కావడిబద్దతో వీపు చిట్లగొట్టాడు. జోజమ్మ మొగుడి మీద అడ్డం పడితే, ఎవరో కొప్పు పట్టి ఈడ్చేశారు.

ఆ కాళ్ళ సందుల్లోంచి శౌరయ్య ఆమెను చూశాడు. చెప్పొద్దన్నట్టు తల ఆడించాడు. అరటిపళ్ళ కొట్టు దగ్గర ఆదిశేషయ్య నిలబడి ఉన్నాడు. అతని మనిషి అంకారావు సైకిలుకు ఆనుకుని వేడుక చూస్తున్నాడు.

బసవపున్నయ్య మళ్ళీ రాయి ఎత్తాడు. ఈసారి తల మీదికి.

"మందంటే సారా అన్నా," అంది జోజమ్మ. "చెరువులో కాదు. మా తమ్ముడికి పోశాడు."

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. తన్నేవాళ్ళు వెనక్కి తగ్గారు. "ఓస్, సారానా," అని ఒకడు నవ్వి, నేల మీద ఉన్న బొచ్చె ఒకటి దులిపి సంచిలో వేసుకున్నాడు. అతన్ని చూసి మరో ఇద్దరు వంగారు.

ఆదిశేషయ్య నోట్లో పండు మింగి, తొక్క పారేశాడు.

"అంకారావూ, మన సుందరరాజు నిద్ర లేచాడేమో చూసిరా. లేవకపోతే నువ్వే లేపు."

అంకారావు సైకిలు వెనక క్యారియర్‌కి ఉన్న కర్ర సర్దుకుని సైకిలెక్కాడు.

జోజమ్మ బసవపున్నయ్య చెయ్యి పట్టుకుంది. "అన్నా, కొట్టింది కొట్టావు. చేలకు అడ్డంపడి చెరువుకు పోయి నా తమ్ముణ్ణి లేపు. పారిపొమ్మను."

అతను చేతిలో రాయి కింద పారేశాడు. పంచె ఎగ్గట్టి పరుగెత్తాడు.

"నీ మొగుడికి నెత్తురు కారిపోతోందే. నువ్వెక్కడికి?" అంది సామ్రాజ్యం, సైకిలు వెంట లేచిన జోజమ్మను చూసి.

"మీరు చూడండమ్మగారూ. ఏ వలకని అడిగింది మీరేగా."

సామ్రాజ్యం సంచి పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, చీర చెంగు ఉండచుట్టి శౌరయ్య నోటికి అదిమింది.

సంత మలుపులో జోజమ్మ సైకిలును అందుకుంది. క్యారియర్ పట్టుకుంటే కొంత దూరం ఈడ్చుకుపోయింది. మోకాళ్ళు చెక్కుకుపోయాయి. అంకారావు కాలు కింద పెట్టి, కర్ర తీసి భుజం మీద కొట్టాడు. ఆమె వదల్లేదు. ముంజేతి మీద కొట్టాడు. ఆ చెయ్యి వాలిపోయింది. రెండో చెయ్యి చక్రం చువ్వల మధ్య దూర్చి గట్టిగా పట్టుకుంది.

"వేళ్ళు తెగుతాయే, తియ్యి."

"తొక్కు."

అతను తొక్కాడు. చువ్వలు కిర్రుమన్నాయి, చక్రం సగం తిరిగి ఇరుక్కుపోయింది. జోజమ్మ పళ్ళు బిగించి చేల వైపు చూసింది. బసవపున్నయ్య తెల్ల బనీను చెరువు గట్టు ఎక్కుతోంది. ఇంకా సగం గట్టు ఉంది. ఆమె చెయ్యి తియ్యలేదు.