రాజనర్సు తప్పిన పథ్యం

భర్త రాజనర్సు ఊపిరితిత్తుల్లో గడ్డ ఉందని తేలిన నాడే బాలవ్వ వంటింట్లో కొత్త చట్టం పెట్టింది. తెల్లన్నం, మిరియాల చారు, మజ్జిగ, అంతే. పప్పు వాతం, ఆకుకూర అరగదు, చిక్కుడుకాయ పేరే ఎత్తకూడదు. డాక్టరేమైనా ఇలా చెప్పిందా అంటే, లేదు. బాలవ్వను అడిగే ధైర్యం ఎవరికుంది? నోరు కట్టుకున్నవాడి ముందు రుచిగా తినడం పాపమని తనూ అదే తింది.

ఒంట్లోని శక్తినే లేపి గడ్డ మీదికి ఉసిగొల్పే మందట, సెలైన్‌లో ఎక్కిస్తున్నారు. అది పనిచేసిందో లేదో స్కానింగ్ రిపోర్టు చెబుతుంది. ఆ రిపోర్టు వచ్చే రోజు, భర్తను ఆసుపత్రికి తీసుకుపోదామని ఉన్ పేటలో ఆయన మరమగ్గాలు నడిపిన సాంచెల కార్ఖానాకు వెళ్లింది. పని మానేసినా ఆయన కాలక్షేపానికి రోజూ అక్కడే కూర్చుంటాడు. తీరా చూస్తే, రాజనర్సు తన దోస్తు లస్మయ్య తెచ్చిన డబ్బా ముందేసుకుని జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర తింటున్నాడు.

"ఏందయ్యా గిది?"

రాజనర్సు నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. లస్మయ్యే అమాయకంగా జవాబిచ్చాడు. "రోజూ గింతే గదా వదినా. నీకు ఎరుకేనేమో అనుకున్న."

బాలవ్వకు పై ప్రాణాలు పైనే పోయాయి. భర్తను ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయింది. మందు పనిచేయకపోతే పాపం ఆ రొట్టెదేనని తీర్మానించుకుంది.

డాక్టర్ అమూల్య హజీరా ఫ్యాక్టరీలో పనిచేసే తెలుగు ఇంజనీరు కూతురు, ఈ పరాయి రాష్ట్రంలో వాళ్లతో తెలుగులోనే మాట్లాడుతుంది. రిపోర్టు చూసి నవ్వింది. "గడ్డ సగానికి పైగా తగ్గిందమ్మా."

"జర మళ్లా చూడుండ్రి డాక్టరమ్మా. గీయన పథ్యం తప్పిండు," అంటూ బాలవ్వ భర్త నేరమంతా ఏకరువు పెట్టింది.

"మంచి పనే చేశారు. జొన్నల్లో, చిక్కుళ్లలో ఉండే పీచు పేగుల్లోని మంచి బాక్టీరియాకు మేత. అది బాగుంటే ఈ మందు కొందరికి బాగా పనిచేస్తుందేమోనని పరిశోధనలు జరుగుతున్నాయి. రొట్టె వల్లే తగ్గిందని మాత్రం నేను చెప్పలేను. కానీ మానొద్దు. అది సరే, మీరెందుకిలా చిక్కిపోయారమ్మా?"

"నా పథ్యం గూడ ఆమెనే చేసింది," అన్నాడు రాజనర్సు తలొంచుకుని.

బాలవ్వకు ముందు ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది, చివరికి ఆకలేసింది.

సాయంత్రం జొన్నరొట్టెలు చేసి, చిక్కుడుకాయ కూరకు పోపు పెట్టింది. మొదటి రొట్టె భర్తకు వడ్డిస్తే, ఆయన దాన్ని తీసి ఆమె కంచంలో వేశాడు.

"తిను. నీ ముంగట ఒక్కన్నే తింటె నాకు గూడ పాపమే."